బెంచీ చివర చోటు

ఏప్రిల్ 11, సోమవారం

మా ఊరి బేస్‌బాల్ జట్టు కొంగలు సొంత మైదానంలో ఈ ఏడాది మొదటి ఆటే ఓడిపోయాయి. కొత్త పిచర్ కుర్రాడు బంతి వేస్తున్నాడో విత్తనాలు చల్లుతున్నాడో తెలియలేదు. అయినా మా ఆయన క్లెమ్ చివరిదాకా కదలలేదు. నేనే గోధుమరంగు స్వెట్టర్ తొడిగించి తీసుకెళ్లాను. జనవరిలో పేగు కోసి ఆ గడ్డ తీసేశాక, ఫిబ్రవరిలో మొదటి పరీక్షకు వెళ్లినప్పుడు అతని ఒంటిమీద ఉన్నది అదే. ఆ రోజు డాక్టర్ "ప్రస్తుతానికి ఏమీ కనబడటం లేదు" అన్నాడు. అప్పటినుంచి ఆ స్వెట్టర్ ఉతకలేదు, మోచేతి దగ్గరి చిల్లు కూడా కుట్టలేదు.

"కంపు కొడుతోంది వెర్నా," అన్నాడు క్లెమ్.

"కొట్టనీ," అన్నాను.

వచ్చే మంగళవారం మళ్లీ పరీక్ష. ఆ సంగతి నేనెత్తలేదు. అతనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 19

వెళ్లాడు, వచ్చాడు. ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు. నేను అడగలేదు. ఈల చాలు.

ఏప్రిల్ 23, శనివారం

క్లెమ్ చెల్లెలు డొలోరెస్ వచ్చింది. ఉండేది పక్క వీధిలోనే, కానీ ఆమె గొంతు ఆమెకన్నా ముందే మా ఇంటికి చేరుతుంది. కోటు విప్పకుండానే, "ఏమన్నాడన్నయ్యా డాక్టరు? మొత్తం పోయినట్టేనా?" అంది.  చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.

"నీకు బుద్ధుందా? ఆట మధ్యలో ఆ మాట ఎత్తుతారా?"

"ఏం ఆట?"

"నీకు తెలుసు ఏం ఆటో."

తెలియక కాదు. స్లేటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒక పిచర్ అవతలివాళ్లకి ఒక్క హిట్ కూడా, అంటే బంతి కొట్టి పరిగెత్తి బేస్ చేరే అవకాశం, ఇవ్వకుండా ఆట నడుపుకొస్తున్నాడంటే ఆ మాట ఎవరూ పైకి అనరు. సొంత జట్టువాళ్లు కూడా అతని పక్కన కూర్చోరు, కళ్లలోకి చూడరు. బెంచీ చివర అతనొక్కడే ఉంటాడు. ఎవడైనా నోరు జారాడా, దిష్టి తగిలి తర్వాతి బంతికే హిట్ పడుతుంది. ఫిబ్రవరి నుంచి మా ఇంట్లో జరుగుతున్నదీ అదే. హిట్ పడకూడదు. అందుకే ఆ మాట అనకూడదు. ఇక్కడ కూడా ఆ జబ్బు పేరు రాయను.

"మీ ఇంటావిడేమో పిచ్చిది, నువ్వేమో దానికి తగ్గ మొగుడివి," అని వెళ్తూ వెళ్తూ క్లెమ్‌తో అంది డొలోరెస్. క్లెమ్ నవ్వాడు. నేను చూశాను, బాగానే నవ్వాడు.

మే 8, ఆదివారం

వాన వల్ల ఆట రద్దయింది. మంగలి మైలో దుకాణంలో క్లెమ్ జుట్టు కత్తిరించుకుంటుంటే నేను పక్కన కూర్చున్నాను. మైలో ఎప్పటిలాగే మొదలెట్టాడు.

"క్లెమ్, నోరు మూసుకుని కూర్చో. నువ్వు నోరు తెరిస్తే ఊరికి నష్టం."

ముప్ఫై ఏళ్లుగా ఇదే హాస్యం. ఈ ఊళ్లో అతని పేరు క్లెమ్ హలుష్కా కాదు, నోటి క్లెమ్. ఆ పేరు ఎలా వచ్చిందంటే, అప్పటికి మాకింకా పెళ్లి కాలేదు. 1958 ఆగస్టులో నన్ను మొదటిసారి ఆటకు తీసుకెళ్లాడు. ఆటగాళ్ల బెంచీ పక్కనే, కటకటాలను ఆనుకుని సీట్లు. మా జట్టు తరఫున ఎడమచేతి వాటం రే టాలివర్ బంతి వేస్తున్నాడు. తొమ్మిదింట ఎనిమిది ఇన్నింగ్‌లు అయ్యాయి, ఒక్క హిట్ లేదు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. రే బెంచీ చివర ఒంటరిగా కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. క్లెమ్ లేచి కటకటాల మీదికి వంగి, "రే, ఇంక ముగ్గురే ఔట్ కావాలి. ఒక్కడు కూడా నిన్ను కొట్టలేకపోయాడు," అని కేకేశాడు.

ఆ తర్వాత వినబడింది ఊళ కాదు, ఉరుము. మీద పల్లీల పొట్లాలు పడ్డాయి. నేను మోచేత్తో డొక్కలో పొడిచాను. రే తలెత్తి క్లెమ్‌ని చూసి ఏదో అన్నాడు. ఆ గోలలో వినబడలేదు. తొమ్మిదో ఇన్నింగ్‌లో మొదటివాడే హిట్ కొట్టాడు, తర్వాత ఆట కూడా ఓడిపోయాం. ఆ రోజు పెద్ద లీగ్ నుంచి ఆటగాళ్లను ఎంచేవాడు వచ్చాడని, క్లెమ్ కేక వెయ్యకపోతే రే అక్కడికి వెళ్లిపోయేవాడని ఊరి నమ్మకం. రే ఎక్కడికీ వెళ్లలేదు. మరుసటి ఏడాది చెయ్యి పాడై ఆట మానేసి, పక్క జిల్లాలో రొట్టెల లారీ తోలుకున్నాడు.

"ఏం తిట్టుంటాడంటావ్?" అని ఇప్పటికీ అడుగుతుంటాడు క్లెమ్. అందరి ముందు నవ్వుతాడు గానీ, పెళ్లయిన కొత్తలో ఒకసారి రొట్టెల లారీ ఎదురొస్తే కారు పక్క సందులోకి తిప్పేశాడు.

కాబట్టి మాట జారితే ఏమవుతుందో మా ఇంటికి ఒకరు చెప్పక్కర్లేదు.

మే 31, మంగళవారం

వెళ్లాడు, వచ్చాడు. ఈల వెయ్యలేదు. వానలో ఎవరు ఈల వేస్తారు.

జూన్ 3

చర్చి హాల్లో ఆడవాళ్లమంతా కజ్జికాయల్లాంటి పిరోహీలు చేశాం. నాకు లోపల బంగాళాదుంప ముద్ద కూరే పని అప్పజెప్తారు. ఇంటికొచ్చేసరికి క్లెమ్ ఫోన్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరన్నాను. రాంగ్ నంబర్ అన్నాడు. మధ్యాహ్నం పూట పని మానేసి ఇంట్లో ఎందుకున్నావని అడగబోయి, ఊరుకున్నాను.

జూన్ 6

క్యాబేజీ, పిండి ముక్కలు కలిపి హలుష్కి వండితే ప్లేటులో సగం వదిలేశాడు. వెన్న ఎక్కువైంది. ఎండలు కూడా మొదలయ్యాయి.

జూన్ 12, ఆదివారం

కొంగలు గెలిచాయి. ఏడో ఇన్నింగ్‌లో ఆనవాయితీ ప్రకారం అందరూ లేచి ఒళ్లు విరుచుకుంటుంటే క్లెమ్ మాత్రం కూర్చునే, "వెర్నా, ఆ మంగళవారం..." అన్నాడు.

నేను వెంటనే సాసేజీలమ్మే అతన్ని పిలిచాను. రెండిమ్మని, ఒకదాంట్లో మస్టర్డ్ ఎక్కువ వెయ్యమని, ఉల్లిపాయ వద్దని, కాదు కావాలని అతన్ని కాసేపు నిలబెట్టేశాను. అతను వెళ్లాక క్లెమ్ ఏమీ అనలేదు. చెప్పాల్సిందేమీ లేదన్నమాట. ఉంటే మళ్లీ చెప్పేవాడుగా.

జూన్ 19

మైదానం కట్టి యాభై ఏళ్లయిందట. జులై ఆఖరి ఆదివారం పాత ఆటగాళ్లను పిలుస్తారట. ఆటకు ముందు జనంలోంచి ఎవరైనా వచ్చి, తమకు గుర్తున్న ఆటగాడి గురించి, పాతవాడైనా సరే ఇప్పుడు ఆడుతున్నవాడైనా సరే, మైకులో చెప్పొచ్చట. రేడియోలో కూడా వస్తుందట. డొలోరెస్ తనంతట తానే వెళ్లి క్లెమ్ పేరు ఇచ్చేసి వచ్చింది. రే టాలివర్ వస్తున్నాడట.

"ముప్ఫై ఏళ్లయింది, ఇప్పటికైనా ఎదురెదురుగా ఒక మాట అనుకుంటారు. అందులో తప్పేముంది?" అంది.

తప్పేముందా. ఈ ఏడాదే దొరికిందా దీనికి, పాత దిష్టిని తట్టి లేపడానికి. నేను కేకలేస్తుంటే క్లెమ్ మెల్లగా, "వెళ్తాలే, చూద్దాం," అన్నాడు.

జూన్ 25

పొద్దున్నే నిచ్చెనెక్కి కప్పు తూములు శుభ్రం చేశాడు. తర్వాత నన్ను కింది గదిలోకి తీసుకెళ్లి, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఎలా వెలిగించాలో చూపించాడు. ఎండాకాలంలో బాయిలరేంటని నవ్వాను. "తెలుసుకుని ఉండు," అన్నాడు. అగ్గిపుల్ల నా చేతికిచ్చి మళ్లీ మళ్లీ వెలిగించి చూపించమన్నాడు. ఓపిక వచ్చింది, అందుకే ఇన్ని పనులు పెట్టుకుంటున్నాడు. ఓపిక రావడం మంచిదే.

జులై 4

స్వాతంత్ర్య దినం టపాకాయలు. అతను తొందరగా పడుకున్నాడు. స్వెట్టర్‌కి ఒక్కొక్కసారి నేనే ముక్కు మూసుకోవాల్సి వస్తోంది.

జులై 12, మంగళవారం

సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక ఇంటిముందు కారు ఆపి అందులోనే కూర్చున్నాడు. వంటింటి కర్టెన్ సందులోంచి చూశాను. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా ఏమీ లేని గోడకేసి చూస్తున్నాడు. నేను తలుపు తియ్యలేదు. గిన్నెలన్నీ కడిగేసినవే, మళ్లీ కడిగాను. లోపలికొచ్చి నా వెనక నిలబడ్డాడు.

"పంపు కట్టు వెర్నా."

"జిడ్డు పోవట్లేదు," అన్నాను.

అతను పైకి వెళ్లిపోయాడు.

జులై 13

బాగానే ఉన్నాడు.

జులై 14

బాగానే ఉన్నాడు. నిన్న కూడా ఇదే రాశాను.

జులై 20

ఇవాళ మాటా మాటా అనుకున్నాం. పెళ్లయ్యాక ఇలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాఫీ తాగుతూ, "విను, నాకు చెప్పాల్సింది ఒకటుంది," అన్నాడు. నేను చెవులు మూసుకున్నాను. నిజంగానే చేతులతో మూసుకున్నాను, చిన్నపిల్లలాగా.

"తొమ్మిదో ఇన్నింగ్‌కి వచ్చేశాం క్లెమ్. ఇంకొంచెం. నీకు దండం పెడతాను, ఏమీ అనకు."

అతను కప్పు కింద పెట్టాడు. "బంతి వేస్తున్నది ఎవరు వెర్నా? నువ్వా, నేనా?"

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలలుగా నేను పడుతున్న జాగ్రత్త ఎవరికోసం అన్నాను. ఉతకని బట్టలు, కదపని కుర్చీలు, వంటింట్లోనే మింగేసిన ఏడుపు, ఇవన్నీ ఎవరికోసం అన్నాను. "నాకోసమే," అన్నాడు. ఎదురు తిరిగి అరిచినా బాగుండేది. టోపీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

జులై 27

అతను రెండు మాటలు మాట్లాడితే నేను ఒకటి మాట్లాడుతున్నాను. వాతావరణం. టమాటాలు. ఆట స్కోరు.

జులై 31, ఆదివారం

అంతా రాస్తాను. ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను.

పొద్దున క్లెమ్ రానన్నాడు. "నలతగా ఉంది. నువ్వెళ్లు, నేను రేడియోలో వింటాను." రేకి భయపడుతున్నాడనుకున్నాను. లోపల కొంచెం సంతోషించాను కూడా. డొలోరెస్‌తో వెళ్లాను.

మైదానం నిండిపోయింది. ముసలి ఆటగాళ్లు బిగుసుకుపోయిన పాత చొక్కాల్లో వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. జనం ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వచ్చారు. బేకరీ శ్రీమతి డుడాష్, తన పెళ్లికి పిలవకుండానే వచ్చిన మొదటి బేస్‌ ఆటగాడు మేకుల బూట్లతోనే నాట్యం చేశాడని, చర్చి హాలు నేలమీద ఆ గుంటలు ఇంకా ఉన్నాయని చెప్పింది. ఆ మనిషి కుర్చీలోంచి లేచి వంగి దండం పెట్టాడు. గాజు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇప్పటి క్యాచర్ ఎలీసియో గురించి చెప్పాడు. ఆ డొమినికన్ కుర్రాడు వాళ్లింట్లోనే అద్దెకుంటున్నాడు. "రోజూ పేకాటలో మా ఆవిణ్ణి ఓడిస్తాడు. ఆవిడ స్లొవాక్‌లో తిడుతుంది, వాడు స్పానిష్‌లో జవాబిస్తాడు. ఒకళ్ల మాట ఒకళ్లకి ముక్క అర్థం కాదు, అయినా నాకన్నా వాడితోనే ఆవిడ ఎక్కువ మాట్లాడుతుంది," అన్నాడు. జనం విరగబడి నవ్వారు.

తర్వాత క్లెమ్ పేరు పిలిచారు. స్టాండులో ఒకటే గోల. "నోటి క్లెమ్ ఎక్కడ? ఇవాళ నోరు రాలేదా?" డొలోరెస్ నన్ను వెనకనుంచి తోసింది. ఎలా నడిచానో తెలియదు. మైకు ముందు నిలబడి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పి, "మిస్టర్ టాలివర్, మా ఆయన మీకు చాలా నష్టం చేశాడు. అది అతన్ని ఇన్నేళ్లూ తింటూనే ఉంది. అతని తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను," అన్నాను. క్షమాపణ అడిగితే దిష్టి పోతుందేమోనని మనసులో ఉంది. అందుకే అడిగాను. ఇక్కడైనా నిజం రాస్తాను.

రే టాలివర్ లేచాడు. పొట్ట వచ్చింది, ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేడు. మైకు అందుకుని కాసేపు నవ్వాడు.

"అమ్మా, ముందు ఒకటి. ఆ రోజు ఆటగాళ్లను ఎంచడానికి వచ్చిన ఆ పెద్దమనిషి నాకోసం రాలేదు. అవతలి జట్టు క్యాచర్‌ కోసం వచ్చాడు. అతన్ని తీసుకునే వెళ్లాడు కూడా. మీ ఊరివాళ్లు ముప్ఫై ఏళ్లుగా నన్ను నాకన్నా గొప్పవాణ్ణి చేశారు, థాంక్స్."

జనం నవ్వారు. అతను చేత్తో ఆగమన్నాడు.

"రెండోది నేనెవరికీ చెప్పలేదు. ఏడో ఇన్నింగ్‌లో నా మోచేతిలో ఏదో తెగింది. నిప్పు పెట్టినట్టుంది. బెంచీ మీదికొచ్చి కోచ్‌కి చెబుదామని చూస్తే ఆయన చూరుకేసి చూస్తున్నాడు. క్యాచర్‌ని పిలిస్తే మంచినీళ్లకి వెళ్లిపోయాడు. నా పక్కన మనిషి లేడు. నాకు దిష్టి తగలకూడదని అందరూ కలిసి నన్ను వదిలేశారు. వాళ్లదీ తప్పు కాదు, ప్రేమే. కానీ నా జీవితంలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. అప్పుడు కటకటాల మీంచి ఎవడో బక్క కుర్రాడు వంగి నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఆ రోజు నాతో మాట్లాడింది అతనొక్కడే. 'నా చెయ్యి నొప్పెడుతోంది బాబూ' అన్నాను. మీరంతా ఊళ వేస్తున్నారు. అతనికి వినబడి ఉండదు."

జనం ఈసారి కూడా నవ్వారు, చప్పట్లు కొట్టారు.  నా కళ్లముందు మాత్రం రే లేడు. కారులో కూర్చుని గోడకేసి చూస్తున్న క్లెమ్ ఉన్నాడు. డొలోరెస్ "ఏమైంది, ఎక్కడికి?" అంటున్నా ఆగలేదు. ఆట మొదలు కాకముందే గేటు దాటేశాను. నడిచే వచ్చాను, బస్సు కోసం ఆగలేదు.

క్లెమ్ పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఎండలో ఆ గోధుమరంగు స్వెట్టర్ వేసుకునే ఉన్నాడు, నేను తొడుక్కోమన్నానని. పక్కన రేడియో మోగుతోంది. నన్ను చూసి మొహం చేత్తో తుడుచుకున్నాడు.

"తిట్టలేదట వెర్నా," అన్నాడు. "నేను ఇన్నేళ్లూ తిట్టాడనుకున్నాను."

రేడియో తీసి కింది మెట్టు మీద పెట్టాడు. అతని పక్కన చోటు ఖాళీ అయింది. వెళ్లి కూర్చున్నాను.  ఆ జబ్బు పేరుతో మొదలుపెట్టడం నావల్ల కాలేదు. చివరికి అన్నాను:

"నీ చెయ్యి ఎలా ఉంది క్లెమ్?"

అతను ముందు నా మొహంలోకి చూశాడు. తర్వాత, "నొప్పెడుతోంది," అన్నాడు.

అన్నీ చెప్పాడు. మే నెలలోనే ఏదో మచ్చ కనబడిందట. జూన్‌లో నేను పిరోహీలు చేస్తున్నప్పుడు వచ్చిన ఫోన్ ఆసుపత్రి నుంచేనట. జులైలో ఖాయం చేశారట, ఇప్పుడు కాలేయంలో ఉందట. మందులు మొదలుపెడదాం, నీతో ఎవరొస్తారు అని డాక్టర్ అడిగాడట. మా ఆవిణ్ణి అడిగి చెబుతానన్నాడట. అడగడానికే ఇన్నాళ్లూ నా చుట్టూ తిరిగాడు. నేను సాసేజీలు కొన్నాను, గిన్నెలు కడిగాను, చెవులు మూసుకున్నాను.

"నువ్వు అంత జాగ్రత్తగా కాపాడుతుంటే, హిట్ ఎప్పుడో పడిపోయిందని ఎలా చెప్పను?" అన్నాడు. "నిన్ను ఓడించినట్టు ఉండేది."

అతని ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. స్వెట్టర్ నిజంగానే భరించలేనంత కంపు కొడుతోంది. ఆ మాట అంటే నవ్వాడు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. రేడియోలో ఎలీసియో హిట్ కొట్టినట్టున్నాడు, జనం అరుస్తున్నారు. మేమిద్దరం వినలేదు.

ఆగస్టు 1, సోమవారం

పొద్దున స్వెట్టర్ ఉతికి తీగ మీద ఆరేశాను. మోచేతి చిల్లు కుట్టాను. డొలోరెస్ వస్తే కూర్చోబెట్టి నేనే చెప్పాను. పాపం, ఆమె నోట మాట రాలేదు.

క్లెమ్‌కి క్యాన్సర్ తిరిగొచ్చింది. రేపు ఆసుపత్రికి ఇద్దరం వెళ్తున్నాం.